కత్తి లేని ఫిలిం ముక్క

(ఆమదాలవలసలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు ప్రతి)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, కింద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకీ, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తున్న ఆ నలుగురు కుర్రాళ్ళకీ కూడా. రండి బాబూ, ఇక్కడ టిక్కెట్టు లేదు.

ఇవాళ ఎవరి జ్ఞాపకంగా కూర్చున్నామో ఆయన పేరు నా వెనక ఫ్లెక్సీ మీద ఉంది. ఆ పేరుతో నేను ఆయన్ని ఒక్కసారి కూడా పిలిచి ఎరగను. అది రేషను కార్డు పేరు. ఆమదాలవలసలో నా ఈడు వాళ్ళందరికీ ఆయన ఆపరేటరు మావ. సినిమా హాల్లో మిషను తిప్పిన మనిషి పేరిట స్మారకోపన్యాసం ఏమిటి మాస్టారూ అని ఈ నెల రోజుల్లో నన్ను ముగ్గురు అడిగారు. ముగ్గురూ ఆయన వేసిన సినిమాలు చూసి పెరిగినవాళ్ళే. నేనేం జవాబు చెప్పలేదు. ముగ్గురూ ఇప్పుడు రెండో వరసలో కూర్చుని ఉన్నారు.

మావ మొదట డేరా హాల్లో పనిచేశాడు, తర్వాత పక్కా హాల్లో. డేరా హాల్లో ఒక్కటే మిషను. రీలు అయిపోతే దీపాలు వెలిగేవి, వేరుశెనక్కాయలవాడు లోపలికొచ్చేవాడు, ఆడవాళ్ళ వైపు చంటిపిల్లలు ఏడుపు అందుకునేవారు, ఈలోగా ఆయన ఇంకో రీలు ఎక్కించేవాడు. పక్కా హాలొచ్చాక మిషన్లు రెండు. రీలు చివర తెర కుడి పైమూల ఒక చుక్క మెరుస్తుంది. ఆ చుక్క కనపడగానే రెండో మిషను కదలాలి, రెండోసారి మెరవగానే వెలుగు ఇటునుంచి అటు మారిపోవాలి. హాల్లో ఐదొందల మంది కథ చూస్తుంటే ఆయనొక్కడు చుక్క చూసేవాడు. బొగ్గు కడ్డీలు మండి మండి ఆ గది కొలిమిలా ఉండేది. బనీను కూడా లేకుండా, మెళ్ళో తువ్వాలుతో, చెవి మిషను చప్పుడు మీద, కన్ను ఆ చిన్న అద్దం కంతలో. ఆయన్ని తలుచుకుంటే నాకు కనిపించే బొమ్మ ఇదే.

పెట్టెలు రైల్లో వచ్చేవి. మన ఊరి పేరు ఆమదాలవలస, మన స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. ఆ స్టేషన్లో దిగని వాళ్ళకి ఈ తికమక అర్థం కాదు. శ్రీకాకుళం పోవాల్సిన రీళ్ళూ ఇక్కడ ఆడాల్సిన రీళ్ళూ ఒకే ప్లాట్‌ఫారం మీద దిగేవి. ఒకసారి పెట్టెలు తారుమారై, ఇంటర్వెల్లు దాకా ఒంటికన్ను రాక్షసుడితో పోరాడిన రాకుమారుడు ఇంటర్వెల్లు తర్వాత కోటూ బూటూ వేసుకుని కోర్టు బోనెక్కాడని మావ చెప్పేవాడు. జనం గొడవ చేయలేదా మావా అంటే, “లేదురా గుంటా, శాపం తగిలిందనుకున్నారు” అనేవాడు. నేను నమ్మలేదు. కానీ జానపదాల మీద ఇంత చక్కటి వ్యాఖ్యానం నాకు తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక అసలు సంగతి. నా జేబులో ఒక ఫిలిం ముక్క ఉంది. ఏడు బొమ్మలున్న ముక్క. ఫిలిం తెగితే రెండు అంచులూ కత్తిరించి, గీకి, సిమెంటు రాసి అతికించేవారు. ఆ కత్తిరించిన తునకల కోసం మేం మెట్ల కింద కాపు కాసేవాళ్ళం. మంచి రీలు కోసి ఎవరికీ ఇచ్చేవాడు కాదు మావ. తెగినదాంట్లోంచి పడినవే మాకు. నాకు దక్కినదాంట్లో కాంతారావు కత్తి ఎత్తి ఉన్నాడు.

ఆ ముక్కతో మేం ఇంట్లో సినిమా వేసేవాళ్ళం. మాడిపోయిన బల్బు వెనక భాగం తీసేసి, నీళ్ళు పోసి భూతద్దం చేసేవాళ్ళం. అద్దంతో ఎండని తలుపు సందులోంచి లోపలికి కొట్టేవాళ్ళం. తెర మా తాతగారి పొందూరు పంచె. ఆ పంచె మీద కాంతారావు తలకిందులుగా పడేవాడు. మళ్ళీ తిప్పి పెట్టేవాళ్ళం. అప్పుడు గమనించాను. మొదటి బొమ్మలో కత్తి ఉంది, తల పైన. రెండో దాంట్లో లేదు. మూడు, నాలుగు, ఐదు... చెయ్యి ఉంది, మొహం ఉంది, పళ్ళు బిగించి ఉన్నాయి, కత్తి ఉండాల్సిన చోట తెల్లగా ఒక మరక. సున్నపు చేత్తో గోడ తుడిచినట్టు. ఏడో బొమ్మకి అవతలివాడి ఉత్తరీయం గాల్లో ఉంది. కత్తి మాత్రం ఎక్కడా లేదు.

ఏడుపొక్కటే తక్కువగా ఆ ముక్క పట్టుకుని మావ దగ్గరికి పరిగెత్తాను. “మావా, కత్తి ఏదీ?” ఆయన వెలుగుకెత్తి చూశాడు. “ఇందులో ఎలా ఉంటాదిరా? కత్తి ఆడితేనే ఉంటాది” అన్నాడు.

లెక్కల మాస్టారిని కాబట్టి లెక్క కట్టి చెబుతాను. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. నా ఏడు బొమ్మలూ కలిపి సెకనులో మూడో వంతు కూడా కాదు. ఒక్కో బొమ్మ మీద వెలుగు పడేది సెకనులో దాదాపు యాభయ్యో వంతు సేపు. కత్తి అంతకంటే వేగంగా తిరుగుతుంది కనక ఫిలిం మీద దాని ఆకారం పడదు, జాడ పడుతుంది. ఇది శాస్త్రం. మావ చెప్పిందీ ఇదే. ఈ ఉపన్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకి వెనకా ముందూ మాత్రమే.

కత్తి ఆడితేనే ఉంటుందన్నది మాకు చేతికే తెలుసు. మనది గోగు పండే నేల. చెరువుల్లో ఊరవేసి, ఊరంతా ముక్కు మూసుకునేలా కుళ్ళబెట్టి, నార వలిచేశాక మిగిలిన తెల్లటి పుల్లలు మోపులు మోపులుగా దడికీ పొయ్యికీ పడుండేవి. అవే మా కత్తులు. గోగుపుల్ల బరువుండదు, గాల్లో తిప్పితే బుస్సుమంటుంది, అవతలి పుల్లకి తగలగానే టప్పున విరుగుతుంది. అందుకని మా యుద్ధాల్లో తగలకుండా తిప్పడమే విద్య. విరిగినవాడు ఓడినట్టు. తాటిమట్ట పట్టుకొచ్చినవాణ్ణి ఆటలోంచి వెళ్ళగొట్టేవాళ్ళం. దాని అంచున రంపపు పళ్ళుంటాయి, నిజంగా కోసుకుపోతుంది. నిజంగా కోసేది మా యుద్ధానికి పనికిరాదు. పెద్దయ్యాక తెలిసింది, మద్రాసు స్టూడియోల్లోనూ ఇదే నియమమని. సెట్టు మీద కత్తులకి పదునుండదు. ఖణేలుమనే మోత తర్వాత కలుపుతారు. నెత్తురు పారకుండా ప్రాణం మీదికొచ్చినట్టు కనపడడం అంటే నాట్యానికి దగ్గర, హత్యకి దూరం.

తెలుగులో ఈ జానపద కత్తి సినిమాల పుట్టుక గురించి కాస్త చెప్పాలి. 1949లో మీర్జాపురం రాజా గారి ‘కీలుగుర్రం’ వచ్చింది. 1951 మార్చిలో విజయా వారి ‘పాతాళ భైరవి’. దర్శకుడు కె.వి. రెడ్డి, రాత పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ, పాట ఘంటసాల. తోటరాముడిగా ఎన్.టి. రామారావు, నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు. 1952లో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం జరిగితే దక్షిణాది నుంచి వెళ్ళింది ఈ సినిమాయే. ఆ కథకి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీ మజిలీ కథలు’లో ఉంది. కాశీకి నడిచి వెళ్ళే మణిసిద్ధుడికి తోడు కావాలి, పశువులు కాసే గోపడు తోడొస్తానన్నాడు, కానీ మజిలీకో కథ చెప్పాలన్నాడు. కూలి కింద కథ. మన డేరా హాళ్ళ ఆర్థికశాస్త్రం అంతా ఆ ఒప్పందంలో ఉంది.

అయితే నేను ఎత్తి చూపాలనుకున్నది వేరు. తోటరాముడు ఎవరు? తోటమాలి కొడుకు. రాకుమార్తె మీద మనసు పడ్డాడు. రాజు, నా అంత సిరి తెస్తే పిల్లనిస్తానన్నాడు. పెళ్ళి మాట పక్కనపెడితే మనకి బాగా తెలిసిన బేరమే. ఆ సిరి కోసం మాంత్రికుడి వెంట పోతే, వాడు వీణ్ణే బలివ్వాలని తీసుకెళ్ళాడు. బలి పశువుగా వెళ్ళినవాడు ఆఖరి క్షణంలో కత్తి చేతిలోకి తీసుకుని బలిచ్చేవాణ్ణే బలిచ్చాడు. నేల టిక్కెట్టు జనం ఎక్కడ ఈల వేశారో నేను చెప్పక్కర్లేదు. వాడి వంశంలో రాజరక్తం ఉందని చివర్లో ఎవరూ వచ్చి చెప్పరు. తోటమాలి కొడుకు తోటమాలి కొడుకుగానే గెలిచాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆ విజయా సంస్థ నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947లో ‘చందమామ’ పెట్టారు. సినిమా మన ఊరికి వచ్చి వెళ్ళిపోయేది, చందమామ ఇంట్లో ఉండిపోయేది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళలో మకరాలూ మాంత్రికులూ. అట్ట మీద వపా బొమ్మ. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు, ఇక్కడికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. ఆయన రాకుమారుల్ని చూడండి. నడుముకి కత్తి ఉంటుంది, చెయ్యి మాత్రం దాని మీద అలవోకగా ఉంటుంది, పువ్వు పట్టుకున్నట్టు. మన కళింగాంధ్ర పిల్లలకి వీరుడంటే ఎలా ఉంటాడో ముందు చెప్పింది ఆ రంగులు, తర్వాతే నలుపు తెలుపు తెర.

తర్వాత విఠలాచార్య గారొచ్చారు. ఉడుపి వైపు మనిషి, కన్నడ దేశం నుంచి వచ్చి తెలుగువాళ్ళ దయ్యాలన్నింటినీ ఆయనే పెంచి పోషించాడు. ‘బందిపోటు’, ‘గురువును మించిన శిష్యుడు’ రెండూ 1963లోనే. ‘అగ్గి పిడుగు’, ‘జ్వాలాద్వీప రహస్యం’, ‘చిక్కడు దొరకడు’, ‘గండికోట రహస్యం’... ఈ పేర్లు చదువుతుంటేనే నోట్లో జీళ్ళు ఉన్నట్టుంటుంది నాకు. తక్కువ డబ్బు, తక్కువ రోజులు, వేసిన సెట్టే మళ్ళీ మళ్ళీ. ఏ నటుడైనా పేచీ పెడితే మర్నాటి సీన్లో అతన్ని చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు సాగించేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఉద్యోగంలో నాకు కొందరు పైఅధికారుల విషయంలో ఆ శక్తి ఉంటే బాగుండునని అనిపించింది.

కాంతారావు గారు కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టారు. 1953లో హెచ్.ఎం. రెడ్డి ‘ప్రతిజ్ఞ’లో నాయకుడు. అదే సినిమాతో రాజనాల కూడా తెరకెక్కాడు. ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి లోపలికొచ్చి జీవితాంతం ఒకరి మీద ఒకరు కత్తి దూసుకుంటూ గడిపారు. కాంతారావు కత్తి పట్టే తీరులో ఒక మర్యాద ఉండేది. అవతలివాడి కత్తి జారి పడితే ఈయన ఆగుతాడు. కత్తి కొనతో దాన్ని లేపి వాడి చేతికందిస్తాడు. అప్పుడు రాజనాల నవ్వు చూడాలి. ఆ నవ్వులో సిగ్గు ఉంటుంది, దాన్ని కప్పడానికి కోపం ఉంటుంది. మా గోగుపుల్లల యుద్ధంలో ఎదుటివాడి పుల్ల విరిగితే మన మోపులోంచి ఒకటి తీసి ఇవ్వాలన్న నియమం మాకు చెప్పింది ఎవరు? ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

పండితులు ఒక ఆక్షేపణ చెబుతారు. తెర మీద కనపడే ఆ కత్తి తిప్పుడు మనది కాదని. నిజమే. మన సాముగరిడీలో కత్తితో పాటు డాలుంటుంది, మోకాళ్ళు వంగుతాయి, మనిషి గుండ్రంగా తిరుగుతాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి గారి కాలంలో మన వైపు తాలింఖానాల్లో నేర్పింది ఆ పద్ధతి. సినిమాలో సన్నటి కత్తి, నిటారైన వెన్ను, ఎడమ చెయ్యి వెనక్కి, మెట్లెక్కుతూ దిగుతూ పోట్లాట. 1938లో రాబిన్ హుడ్‌గా ఎరాల్ ఫ్లిన్ మెట్ల మీద పోరాడుతుంటే స్తంభం మీద పెద్ద పెద్ద నీడలు కొట్టుకుంటాయి, అక్కడినుంచి వచ్చిన మెట్లు ఇవి. 1948లో వాసన్ గారి ‘చంద్రలేఖ’ చివర్లో రంజన్ చేసిన పోరు చూసినవాళ్ళకీ ఈ చుట్టరికం తెలుస్తుంది. సరే, అరువు తెచ్చుకున్నాం. మిరపకాయా అరువే. మన నాలుకకి తగ్గట్టు దాన్ని పండించుకున్నామా లేదా అన్నదే ప్రశ్న. కత్తి తిరిగి ఇచ్చే ఆ మర్యాదతో పండించుకున్నామనే నా లెక్క.

ఇప్పుడు బొబ్బిలి మాట. సభలో బొబ్బిలి వాళ్ళూ విజయనగరం వాళ్ళూ ఇద్దరూ ఉన్నారని నాకు తెలుసు, కాబట్టి అడుగు జాగ్రత్తగా వేస్తాను.

1757 జనవరి 24, బొబ్బిలి కోట. విజయనగరం విజయరామరాజు వైపు బుస్సీ ఫ్రెంచి సేన, వాళ్ళ ఫిరంగులు. లోపల బొబ్బిలి రాజు రంగారావు, వెలమ వీరులు. ఆ రోజు యుద్ధం తేల్చింది ఫిరంగులు. ఇక నిలవదని తెలిశాక కోటలోని మగవాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపి, నిప్పు పెట్టి, ఎదురెళ్ళి చచ్చిపోయారు. తర్వాత బొబ్బిలి వైపు తాండ్ర పాపారాయుడు రాత్రిపూట డేరాలో చొరబడి విజయరామరాజుని పొడిచి చంపాడు. ఇదీ చరిత్ర. రెండు వైపులా చచ్చినవాళ్ళు మనవాళ్ళే. విజయనగరంలో పైడితల్లి సిరిమాను చూసినప్పుడు ఆ యుద్ధం తాలూకు ఇంకో ఇంటి ఏడుపు వినపడుతుంది, అన్న విజయరామరాజు కోసం బెంగపడ్డ చెల్లెలి కథ అది.

మా చిన్నప్పుడు జంగం కథ చెప్పేవాళ్ళు వచ్చి మూడు రాత్రులు బొబ్బిలి కథ చెప్పారు. అందులో ఫిరంగుల వంతు పావుగంట. ఒక్క ఫిరంగి పేల్చినవాడి పేరూ చెప్పలేదు. పాపారాయుడి కత్తికి ఒక రాత్రంతా పట్టింది. ఇంకో సంగతి. నేను విన్న కథలో పాపారాయుడు పడుకున్నవాణ్ణి పొడవలేదు, నిద్రలేపి, ఎవరొచ్చారో చెప్పి, అప్పుడు పొడిచాడు. డేరాలో దొంగతనంగా దూరినవాడు అలా చేస్తాడా, చేసేంత తీరిక ఉంటుందా అని లెక్కల మాస్టారు అడుగుతాడు. కథ చెప్పినవాడికి ఆ అనుమానం లేదు. ఎందుకంటే ఎదురుగా నిలబడి, కళ్ళలో కళ్ళు పెట్టి కొట్టనిది వాడి లెక్కలో కత్తి దెబ్బే కాదు. రాజనాల చేతికి కత్తి అందించిన కాంతారావుకి పూర్వీకుడు ఆ జంగమే.

1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా వచ్చింది. రంగారావుగా రామారావు, మల్లమ్మగా భానుమతి. పాపారాయుడు ఎవరనుకున్నారు? ఎస్.వి. రంగారావు. తోటరాముణ్ణి బలివ్వబోయిన మాంత్రికుడు పదమూడేళ్ళ తర్వాత మన వీరుడయ్యాడు. 1986లో దాసరి నారాయణరావు గారి ‘తాండ్ర పాపారాయుడు’లో కృష్ణంరాజు. జనం రెండుసార్లూ ఫిరంగి కోసం వెళ్ళలేదు, డేరా సీను కోసం వెళ్ళారు.

తుపాకీ, ఫిరంగి దూరం నుంచి చంపుతాయి. పేల్చినవాడికి చచ్చినవాడి మొహం తెలియదు. మన జిల్లాకి ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. 1967 అక్టోబరు చివర్లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ గుండ్లకి పడిపోయారు. తర్వాత మూడేళ్ళు మన కొండల్లో ఏం జరిగిందో పెద్దవాళ్ళకి తెలుసు. ‘చిక్కడు దొరకడు’ అన్న సినిమా వచ్చిందీ ఆ 1967లోనే. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉందని నేను అనను, ఉందంటే విఠలాచార్య గారు స్వర్గంలో ఉలిక్కిపడతారు. కానీ సాయంత్రం వార్తల్లో కాల్పులు విని, రాత్రి ఆటకి వెళ్ళి, పేదవాడు ఒక్క కత్తితో రాజభటుల్ని మెట్ల మీంచి దొర్లిస్తుంటే చూసిన మనిషి లోపల ఏం జరిగి ఉంటుంది? కనీసం ఆ రెండున్నర గంటలూ బలం అనేదానికి ఒక చెయ్యీ ఒక మొహమూ ఉన్నాయి. వాడు అలిసిపోతాడు, చెమట పడుతుంది, కాలు జారుతుంది. గెలుపు ఎవరిదో చూస్తుండగా తేలుతుంది. మన బతుకులో ఏ గెలుపూ అలా మన కళ్ళెదుట తేలదు. ధర ఎక్కడో నిర్ణయమవుతుంది, ఫ్యాక్టరీ మూతపడిందని ఎవరో వచ్చి చెబుతారు. చెరకు బండ్లు నడిచిన ఈ ఊరికి ఆ సంగతి నేను విడమరిచి చెప్పాలా?

డెబ్భైల తర్వాత కత్తి దాదాపు కనుమరుగైంది. మధ్యలో 1994లో సింగీతం గారి ‘భైరవద్వీపం’ ఒక మెరుపు మెరిసింది. దానికి కథ రాసిన రావి కొండలరావు గారు శ్రీకాకుళంలో చదువుకున్నవారు, మనవాడని చెప్పుకోడానికి నాకు మొహమాటం లేదు. మిగతా కాలమంతా వేటకొడవళ్ళూ టాటా సుమోలూ. కాంతారావు గారు సొంతంగా సినిమాలు తీసి నష్టపోయి, చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలు వేస్తూ, 2009 మార్చి 22న కన్నుమూశారు. సరిగ్గా 131 రోజులకి, జూలై 31న, రాజమౌళి ‘మగధీర’ విడుదలైంది. ఒక్కడు వందమందితో కత్తి తిప్పే సీను కోసం జనం విరగబడ్డారు. ఇందులో విధి లేదు, కాకతాళీయం. కానీ నాకు ఆ అంకె మరపు రాదు.

తర్వాత ‘బాహుబలి’. 2015 జూలై 10న మొదటి భాగం, 2017 ఏప్రిల్ 28న రెండోది. నేను రెండూ రెండేసిసార్లు చూశాను, రెండుసార్లూ బాగున్నాయి. పాతకాలం మనిషినని కొత్తదాన్ని తిట్టే పని నాకొద్దు. అయినా రెండు మాటలు ఉన్నాయి.

మొదటి మాట. కంప్యూటర్లో పుట్టిన ఆ వేల సైన్యం మధ్య నాకు కత్తి కనపడలేదు. నా ఫిలిం ముక్కలోలాగే మరక కనిపించింది, కానీ ఇది ఆడుతున్నా మరకే. రెండో భాగంలో కత్తి స్పష్టంగా కనపడిన చోటు సభలో ఉంది. ఆడపిల్ల మీద చెయ్యి వేసిన సేనాపతి వేళ్ళు దేవసేన తెగ్గొట్టింది. దానికి విచారణ జరుగుతుంటే బాహుబలి ఏం జరిగిందని అడిగి, విని, ఒక్క వేటు వేస్తాడు. సైన్యం లేదు, జలపాతం లేదు. మన హాల్లో ఆ క్షణం వచ్చిన ఈలలు యుద్ధానికి రాలేదు. జనానికి ఇంకా తెలుసు ఏది కత్తి దెబ్బో.

రెండో మాట తోటరాముడి గురించి. ‘బాహుబలి’లో శివుడు అడవి పల్లెలో పెరిగాడు, కొండెక్కాడు, మనవాడే అనుకున్నాం. తీరా చూస్తే రాజు కొడుకు. 1951లో తోటమాలి కొడుక్కి దక్కినది 2015లో రాచపుట్టుక ఉంటేగానీ దక్కలేదు. దేశం ముందుకెళ్ళిందా వెనక్కెళ్ళిందా అన్నది సాంఘికశాస్త్రం మాస్టార్లు తేల్చాలి. నాకు మాత్రం ఆ విషయంలో చిన్న అలక ఉంది.

ఆ అలక తీర్చినవాడు కట్టప్ప. మాహిష్మతిలో అందరికన్నా బాగా కత్తి తిప్పేవాడు అతనే, తన కోసం ఒక్కసారి తిప్పుకోడానికి వీల్లేనివాడూ అతనే. ఎప్పుడో తాతలు ఇచ్చిన మాటకి కట్టుబడ్డ బానిస. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని ఇరవై ఒక్క నెలల పద్దెనిమిది రోజులు దేశమంతా అడిగింది. మన రైల్వే గేటు దగ్గర టీ కొట్టులో రోజూ ఇదే పంచాయితీ. అప్పటికి ఆపరేటరు మావ రిటైరై చాలా కాలమైంది. రీళ్ళు పోయి డబ్బాలొచ్చాయి, చుక్కలు పోయాయి. ఆయన కొట్టు బల్ల మీద కూర్చుని గ్లాసులో బన్ను ముంచుకుంటున్నాడు. కుర్రాళ్ళు ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెబుతున్నారు. మందు పెట్టారని ఒకడు, అసలు చావలేదని ఒకడు.

“నీకేటనిపిస్తంది మావా?” అని అడిగాను.

“అనిపించడానికేటుందిరా. పొడిసీమన్నారు, పొడిసేసినాడు” అన్నాడు. బన్ను నమిలి మింగి, మళ్ళీ అన్నాడు. “ఓనరు ఏ రీలు ఏసీమంటే ఆ రీలు ఏసినాన్రా నలబై ఏళ్ళు. ఈ ముక్క బాగులేదు, ఇది ఎయ్యనని నానెప్పుడైనా అన్నానేటి?”

కొట్లో ఎవరూ మాట్లాడలేదు. రెండో భాగం వచ్చాక చూస్తే అంతే ఉంది కథ. రాజమాత ఆజ్ఞ, బానిస చెయ్యి.

ఆయన్ని రెండో భాగానికి శ్రీకాకుళం తీసుకెళ్ళాను. తెల్లవారుజాము ఆటకి కాదు, మూడోవారం, రద్దీ తగ్గాక. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఇరవై నిమిషాలకోసారి ఆయన కుడిచెయ్యి కుర్చీ చేతి మీంచి లేచేది. చూపు తెర కుడి పైమూలకి పోయేది. అక్కడ చుక్క లేదు. చెయ్యి మళ్ళీ దిగేది. సినిమా బాగుందా మావా అంటే, “ఒక్కసారీ తెగలేదురా” అన్నాడు. మెచ్చుకున్నాడో ఆక్షేపించాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

టైము చూస్తున్నారు అధ్యక్షులు. ఒక్క పని చేసి దిగిపోతాను. ఈ ఫిలిం ముక్కని సభలోకి పంపిస్తున్నాను. ముందు ఆ గుమ్మం దగ్గర కుర్రాళ్ళకి ఇవ్వండి, వాళ్ళు ఫిలిం చూసి ఉండరు. ట్యూబులైటుకి ఎదురుగా పెట్టి చూడండి బాబూ. మొదటి బొమ్మలో కత్తి కనపడుతుంది, తర్వాత వెతుక్కోండి. రెండు అంచులూ పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టకండి, చెమట మరక పడితే పోదు. చివరి వరస దాకా వెళ్ళాక మళ్ళీ నాకు ఇచ్చెయ్యండి.